బొల్లి చర్మం మందం

అక్టోబర్ 9

గది దొరికింది. దొరికిందనడం కంటే అంటగట్టారనడం సబబు. ఆసుపత్రి వాళ్ళే మాట్లాడి పెట్టారు. పాడి పశువుల్ని పెంచుకునే ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద గది. కిటికీ తెరిస్తే పశువుల కొట్టం, మూస్తే కొట్టం వాసన. పశువుల డాక్టర్‌కి ఇంతకంటే మర్యాద ఇంకేం చేస్తారు!

ఇక్కడి డాక్టరమ్మ ప్రసవానికి సెలవు పెట్టింది. ఆవిడ తిరిగొచ్చేదాకా ఆవిడ కుర్చీ, ఆవిడ కారు, ఆవిడ రబ్బరు బూట్లు నావి. బూట్లు ఒక సైజు పెద్దవి. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే సరిపోయాయి. ఈ దేశంలో కార్లకి స్టీరింగు అటు పక్కన ఉంటుంది. పొద్దున దర్జాగా ఇటు పక్క సీట్లో కూర్చుని తాళం ఎక్కడ పెట్టాలా అని వెతుక్కున్నాను. పెద్దావిడ వాకిట్లోంచి చూసి నోరు మెదపలేదు గానీ, భుజాలు ఊగడం కనిపించింది.

అక్క ఫోను చేసింది. విడాకులయ్యాయిగా, ఇంటి తాళాలు ఆయనకి ఇచ్చేశావా అంది. ఇచ్చేశాను అన్నాను. ఏమన్నాడు అంది. ఒక తాళం తక్కువైంది అన్నాడు అన్నాను. నవ్వుతుందనుకుంటే ఏడ్చింది.

అక్టోబర్ 14

వాన. మూడు కొట్టాలు, ఒక అడ్డం తిరిగిన దూడ. భుజం దాకా చెయ్యి పెట్టి తిప్పితే బతికే బయటపడింది. భుజం ఎత్తలేకపోతున్నాను. బాగా నిద్ర పడుతుంది.

అక్టోబర్ 21

పెద్ద డాక్టర్ ఇవాళ నన్ను తనతో తిప్పాడు. ఆరడుగుల మనిషి, నడుం నొప్పి. కారు దిగినప్పుడల్లా తలుపు పట్టుకుని ఓ నిమిషం ఎవర్నో తిట్టి గానీ నడవడు. (ఇక్కడి వాళ్ళ మాటలన్నీ నా భాషలోకి దించుకునే రాసుకుంటున్నాను. లేకపోతే తిట్లకి రుచి ఉండదు.)

చలికాలమంతా క్షయ పరీక్షలేనట. పశువు మెడ మీద పైన ఒక సూది, కింద ఒక సూది. మూడో రోజు మళ్ళీ వెళ్ళి ఆ రెండు చోట్లా చర్మాన్ని మడతగా పట్టుకుని, కాలిపర్ రెండు దవడల మధ్య పెట్టి లావు కొలవాలి, గట్టిగా నొక్కితే కొలత తక్కువ వస్తుంది. పై వాపు కంటే కింది వాపు బాగా ఎక్కువుంటే ఆ పశువు పని అయిపోయినట్టే. చంపేస్తారు. మిగిలిన మందకి పరీక్ష మీద పరీక్ష, అన్నీ తేలేదాకా పాలు బయటికి పోవు.

మూడో రోజున ఎవరూ మన మొహం చూడరు. వేళ్ళు చూస్తారు. ఇవాళ ఒకాయన టోపీ చేత్తో నలుపుతూ, ప్రతి మెడ దగ్గరా మా పెద్ద డాక్టర్ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. రెండు పశువులు పోయాయి. ఆయన టోపీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగొస్తూ పెద్ద డాక్టర్ ఒక సంగతి చెప్పాడు. ఈ చుట్టుపక్కల పశువుల డాక్టర్లంతా తరాలుగా పాటిస్తున్నదట. సూది వేసిన ఇంట్లో, మూడో రోజు కొలత అయ్యేదాకా, మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆ రైతులకీ తెలుసు, ఎవరూ ఇవ్వరు.

"చేతికి మొహమాటం అంటుకుంటుందమ్మా. అంటుకుంటే వదలదు" అన్నాడు.

నేనుంటున్న ఇంటి మందని మాత్రం తనే చూస్తానన్నాడు. మంచిదన్నాను. మూఢనమ్మకాలకి దేశాలు లేవు అని లోపల అనుకున్నాను.

నవంబర్ 6

ఇంటి పెద్దావిడకి అత్తగారు అని పేరు పెట్టుకున్నాను. తలుపు వేసి రాలేదనీ, తల తడిపి బయట తిరుగుతున్నాననీ, గుడ్డు సగం వదిలేశాననీ సాధిస్తుంది. ఇవాళ నోరు జారి పైకే అనేశాను. అంటే ఏమిటంది. మొగుడి తల్లి అన్నాను.

"నీకు మొగుడే లేడుగా?"

"అందుకే మీరు నచ్చారు."

కాసేపు ఆలోచించి, పడీపడీ నవ్వింది. తర్వాత చెప్పింది, ఒక్కడే కొడుకట. ట్రాక్టరు బోల్తాపడి పోయాడు. కోడలు దూరాన పట్నంలో ఉద్యోగం. మనవరాలు ఇక్కడే ఈవిడ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్లకి నోరు మూతపడదు, పిచ్చుక అని పిలుస్తున్నాను.

నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆవు ఒకటుంది. నేను బొల్లి అంటున్నాను, ఇప్పుడు వాళ్ళూ అలాగే అంటున్నారు. దాన్ని ఆ కొడుకు సీసాతో పాలు పట్టి పెంచాడట, పుట్టగానే తల్లి తన్నేస్తే. అత్తగారు మందనంతా మిషన్‌కి వదిలేస్తుంది గానీ బొల్లిని మాత్రం తన చేత్తోనే పితుకుతుంది.

నవంబర్ 18

జ్వరం. రాయలేను.

నవంబర్ 24

లేచి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అత్తగారు మేడ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఆవిడ మోకాళ్ళు ఎలాంటివో నాకు తెలుసు. తడిగుడ్డ వేసింది, దుప్పట్లు మార్చింది, చెంచాతో సూప్ పోసింది. అమ్మ పోయాక నా నుదుటి మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. ఆయన పక్క గదిలోంచి మాత్ర వేసుకున్నావా అని అరిచేవాడు, అంతే.

ఏడ్చాను. జ్వరం నీరసం అంది అత్తగారు. అదే అన్నాను నేనూ.

నవంబర్ 29

పిచ్చుక బొల్లి పాలు పొదుగు కింది నుంచే తాగుతుంది. నీలం పింగాణీ కప్పు పట్టుకుని నిలబడితే అత్తగారు నేరుగా అందులోకే పిండుతుంది. మీసాలొచ్చేలా తాగి నాకు చూపిస్తుంది. అత్తగారిదీ అదే అలవాటు. నేను మటుకు మా వాళ్ళ పద్ధతిలో గిన్నె పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా కాచుకుని తాగుతాను. వీళ్ళకి అది పెద్ద వినోదం. పాలు చేసిన పాపమేమిటి అని అడుగుతుంది అత్తగారు.

డిసెంబర్ 4

పెద్ద డాక్టర్ నడుం పట్టేసింది. మంచం దిగలేడు. ఈ ఇంటి పరీక్ష గడువు దాటిపోతోంది. వేరే ఊరి నుంచి ఎవర్నైనా పిలిపిస్తానని ఫోన్లో అన్నాడు. నేను చేస్తాను, ఫర్వాలేదన్నాను. జాగ్రత్త అన్నాడు.

కొత్తవాడు వచ్చి మోటుగా చేస్తే పశువులు బెదురుతాయి. అందుకే నేను చేస్తానన్నాను. ఇంకేం లేదు.

డిసెంబర్ 5

సూదులు అయ్యాయి. నియమం పాటిద్దామనుకున్నాను. రొట్టె కొనుక్కుని కారులో కూర్చుని తిన్నాను, వాకిట్లోనే, అత్తగారి వంటింటి కిటికీకి ఎదురుగా. తింటున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. నా బతుక్కి ఇంత నాటకం అవసరమా అనిపించింది.

డిసెంబర్ 6

పొద్దున చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అత్తగారు కాఫీ తెచ్చి కారు అద్దం మీద తట్టింది.

"నియమం నాకూ తెలుసులే. జ్వరమొచ్చి లేచిన ఒళ్ళు. తాగు."

తాగాను. మధ్యాహ్నం భోజనం కూడా లోపలే చేశాను. ఒకే కప్పు కింద పడుకుంటూ కాఫీకి పట్టింపేమిటి?

డిసెంబర్ 8

అయిపోయింది. మంద అంతా శుభ్రం. బొల్లి చర్మం మందం, అంతే.

అత్తగారు నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పిచ్చుక ఎందుకో తెలియకపోయినా గెంతింది.

డిసెంబర్ 9

కొన్ని పశువులకి పుట్టుకతోనే చర్మం మందంగా ఉంటుంది. బొల్లి పెద్ద వయసు ఆవు. చలికి వెంట్రుక కూడా దట్టంగా పెరిగింది. మొదటిసారి కొలిచినప్పుడు అది మెడ విదిలించింది. కదిలే పశువు కొలత లెక్కలోకి రాదు, ఎవర్నడిగినా చెబుతారు. అందుకని రెండోసారి కొలిచాను. రెండోదే రాశాను. రెండోసారి కాలిపర్ కొంచెం గట్టిగా పట్టాను, మెడ విదిలించే పశువుని గట్టిగానే పట్టాలి.

ప్రతివాళ్ళ చెయ్యీ ఒకలా ఉండదు.

డిసెంబర్ 10

మొదటిసారి అది మెడ విదిలించలేదు.

డిసెంబర్ 11

విదిలించింది. కొంచెం.

డిసెంబర్ 27

పెద్ద డాక్టర్ లేచి తిరుగుతున్నాడు. మీ అత్తగారి మంద ఎలా ఉందన్నాడు. బాగుందన్నాను. సరే అన్నాడు. నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

జనవరి 12

బొల్లి దగ్గుతోంది. పొద్దునపూట మాత్రమే. గడ్డి దుమ్ము. ఈ ఏడాది గడ్డి బాగా ఎండింది, నాక్కూడా గొంతు గరగరలాడుతోంది.

పాలు ఇంకాస్త ఎక్కువసేపు కాస్తున్నాను. అలవాటు.

జనవరి 15

పిచ్చుక పాలు కూడా కాచి ఇస్తానన్నాను, మాటవరసకన్నట్టు. అత్తగారు పితకడం ఆపి తలెత్తింది.

"ఎందుకు? దానికేమైంది?"

"ఏం కాలేదు. కాస్తే మంచిది."

"నేను ఇలాగే తాగి పెరిగాను. వాడు ఇలాగే పెరిగాడు. బొల్లికి ఏమీ లేదని నువ్వే కదా చెప్పావు."

అవునన్నాను. పిచ్చుక కప్పు చాపింది. నేనక్కడే నిలబడి ఉన్నాను. ధార కప్పులో పడే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నా నోరు పడిపోను.

జనవరి 16

ఇవాళ నిజంగా చెప్పేద్దామని కిందికి దిగాను. అత్తగారు నా చిరిగిన కోటుకి మోచేతి దగ్గర అతుకు వేస్తూ కూర్చుంది. ఏం కావాలి అంది. టీ పెట్టుకోవడానికొచ్చానన్నాను.

జనవరి 30

అక్క ఫోను. గొంతేమిటి అలా ఉందంది. చలి అన్నాను. పరాయి ఊళ్ళో అందర్నీ నెత్తిన పెట్టుకోకు, పని చూసుకుని వచ్చెయ్ అంది. నా సంగతి దానికి తెలుసు. ఆయన విషయంలోనూ నేను అన్నీ బాగానే ఉన్నాయనే చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 11

రెండు గడ్డి మోపుల మధ్య బొల్లిని ఒంటరిగా కట్టేయించాను. పొదుగులో ఒక పక్క గట్టిపడిందని చెప్పాను. అది అబద్ధం కాదు, నిజంగానే గట్టిపడింది. కొన్నాళ్ళు దాని పాలు వద్దన్నాను. అత్తగారు తల ఊపింది. ఎందుకని అడగలేదు. ఎప్పుడూ అన్నీ అడిగే మనిషి.

హమ్మయ్య. ఇక అంతా సర్దుకుంటుంది.

ఫిబ్రవరి 26

పిచ్చుక చిక్కింది. స్కూల్లో అందరికీ జలుబట.

మార్చి 3

స్కూలుకి సెలవు. అత్తగారికి వేళ్ళ నొప్పులని పిచ్చుకకి జడ నేను వేశాను. వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, కిటికీ వైపు తిప్పి. ఏదో కుక్క కథ చెబుతోంది, ఆపకుండా. జుట్టు పైకెత్తి పట్టుకున్నాను. కుడి చెవి కింద, మెడ మీద, వేలికి తగిలింది. రేగుపండంత. గట్టిగా, కదలకుండా. దాని పక్కనే ఇంకొకటి, చిన్నది.

నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. తలెత్తితే అత్తగారు నా వేళ్ళ వైపు చూస్తోంది.

"ఏముంది?"

"ఏం లేదు. జలుబుకి గ్రంథి ఉబ్బుతుంది."

జడ వేశాను. వంకరగా వచ్చింది. పిచ్చుక అద్దంలో చూసుకుని వెక్కిరించింది.

మార్చి 4

ఏం లేదు అన్నాను. మళ్ళీ అదే మాటన్నాను. ఆవుకన్నాను, పసిపిల్లకీ అన్నాను. థూ.

పొద్దున పాత డెయిరీ బకెట్లు కడుగుతున్న అత్తగారి దగ్గరికి వెళ్ళి, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్దాం, ఇవాళే అన్నాను. జలుబుకే అంత దూరమా అనలేదు. చేతులు తుడుచుకుని కోటు వేసుకుంది. దారంతా వెనక సీట్లో పిచ్చుక ఒక్కతే మాట్లాడుతోంది.

మార్చి 9

క్షయే. పశువుల నుంచి, పాల ద్వారా వచ్చేది. మందులు నెలల తరబడి వాడాలి. బతుకుతుందన్నాడు డాక్టర్. బతుకుతుంది అని నేను ఆయన చేత మళ్ళీ చెప్పించాను. గడ్డ పగిలితే మచ్చ మిగులుతుందట.

ఎప్పుడు సోకిందో చెప్పగలరా అన్నాను. చెప్పలేమన్నాడు. డిసెంబర్‌కి ముందే సోకి ఉండొచ్చు కదా అన్నాను. ఉండొచ్చన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటిదాకా వచ్చాను. కారు ఆపాక ఆ మాట నిలబడలేదు. డిసెంబర్ ఎనిమిది తర్వాత ఆ పిల్ల తాగిన ప్రతి కప్పూ నేను పోసినట్టే.

మార్చి 10

పెద్ద డాక్టర్‌కి చెప్పాను. గట్టిగా పట్టాను అని. రెండోది రాశాను అని. ఆయన బల్ల మీద ఉన్న కాలిపర్ తీసి, దవడలు తెరిచి, మూసి, మళ్ళీ పెట్టేశాడు.

"ఎన్ని కాఫీలు తాగావు?"

పై వాళ్ళకి తెలియజేయక తప్పదన్నాడు. ఇక నేను ఏ పశువునీ పరీక్షించకూడదు. నా లైసెన్సు సంగతి వాళ్ళు తేలుస్తారు. తిట్టి ఉంటే బాగుండేది. కారు తలుపు పట్టుకుని ఎవరెవర్నో తిట్టే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు.

మార్చి 11

అత్తగారికి చెప్పాను. వంటింట్లో నిలబడి, ఆ రోజు జరిగింది జరిగినట్టు. ఆవిడ అంతా విన్నాక పొయ్యి మీద గిన్నె దించి, పిచ్చుకకి మాత్ర వేళయింది అని లోపలికి వెళ్ళింది.

గది ఖాళీ చేస్తానని చీటీ రాసి బల్ల మీద పెట్టాను. సాయంత్రానికి అది చెత్తబుట్టలో ఉంది. ఉండమన్నట్టా, కనిపించకుండా పొమ్మన్నట్టా, అర్థం కాలేదు. అడిగే మొహం లేదు.

మార్చి 12

పెద్ద డాక్టర్ వచ్చి మందంతటికీ సూదులు వేశాడు. కొట్టం గోడ దగ్గర నిలబడ్డాను. కారులోంచి సొంత నీళ్ళ సీసా తెచ్చుకుని తాగాడు.

మార్చి 15

నాలుగు పశువులకి ఉందని తేలింది. బొల్లి ముందు. దాని మెడ మీద వాపు కొలవక్కర్లేదు, గుమ్మంలోంచే కనిపిస్తోంది. అత్తగారు ఇవాళ వేళ్ళ వైపు చూడలేదు, నేలకేసి చూస్తూ నిలబడింది.

మిగతా మూడు పశువుల కోసం రేపు లారీ వస్తుంది. బొల్లి లారీ ఎక్కే స్థితిలో లేదు, నిలబడటమే కష్టంగా ఉంది. ఇక్కడే సూదిమందుతో పంపించేస్తానన్నాడు పెద్ద డాక్టర్. అప్పుడు నోరు తెరిచింది అత్తగారు.

"మీరొద్దు. ఆ అమ్మాయి చేస్తుంది."

ఆయన నా వైపు చూశాడు. పరీక్ష కాదు కాబట్టి చెయ్యొచ్చన్నాడు. తనూ దగ్గరుంటానన్నాడు.

మార్చి 16

పొద్దున లారీ మూడు పశువుల్నీ తీసుకెళ్ళింది. పిచ్చుకని స్కూలుకి పంపలేదు, వాళ్ళ అమ్మ పట్నం నుంచి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆవిడ నన్ను చూసింది గానీ పలకరించలేదు.

బొల్లికి కొత్త గడ్డి పరిచి ఉంది. అత్తగారు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఆ మోకాళ్ళతో. మెడ మీద నరం కోసం వెంట్రుక కత్తిరించాను. చర్మం పల్చగా ఉంది. ముసలి ఆవులన్నింటికీ ఉన్నట్టే, పల్చగా. సూది సులువుగా దిగింది. బొల్లి ఒకసారి నిట్టూర్చింది. తెల్లమచ్చ మీద అత్తగారి అరచెయ్యి అలాగే ఉంది, నేను గుండె చప్పుడు విని తల ఊపేదాకా.

పెద్ద డాక్టర్ టోపీ తీసి కాసేపు నిలబడి, కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను సిరంజి పట్టుకుని అక్కడే ఉన్నాను.

"చేతులు కడుక్కుని రా" అంది అత్తగారు.

పంపు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ పాలు పితికే స్టూలు మీద కూర్చుని, మెడకి చుట్టుకున్న రుమాలు విప్పుతోంది. చలి మొదలైన దగ్గర్నుంచీ ఆ రుమాలు ఆవిడ మెడ మీదే ఉంది. జలుబేమో అనుకునేదాన్ని.

"నాది కూడా చూడు. ఈసారి గట్టిగా పట్టకు."

గోడ పట్టుకున్నాను.

"ఆ రోజు చూశాను. మొదటిసారి కొలిచి నువ్వు ఆగిపోయావు. రెండోసారి నీ వేళ్ళు తెల్లబడ్డాయి. అన్నీ చూశాను. చూసి నోరు మూసుకున్నాను. వాడు పెంచిన పశువు." రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "కాఫీ తెచ్చింది నేను. పిల్లకి పాలు పోసింది నేను. నువ్వొక్కదానివే మొయ్యనక్కర్లేదు."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది, పెద్దగా, సిగ్గు లేకుండా. ఆవిడ ఏడవలేదు. ఎదురు చూస్తూ కూర్చుంది, గడ్డం కొంచెం పైకెత్తి.

వేళ్ళు చల్లగా ఉన్నాయని చేతులు రుద్దుకుని, ఆవిడ మెడ మీద పెట్టాను. మెల్లగా, రెండు వైపులా, దవడ కింది నుంచి భుజం దాకా. ఆవిడ నా వేళ్ళ వైపు చూడటానికి వీల్లేదు కాబట్టి నా మొహంలోకి చూస్తోంది.

ఎడమ పక్క తగిలింది.

"ఉంది" అన్నాను.